పువ్వూ విషమూ – 6: ఇల్లు చేరని ఈగలు

గత భాగంలో అమెరికాలో పెన్‌క్యాప్-ఎమ్ కథ చూశాం. మిథైల్ పారాథియాన్‌ను పుప్పొడి రేణువంత గుళికల్లో నింపి చల్లితే, తేనెటీగలు ఆ గుళికలను పుప్పొడితోపాటు కాళ్లకు అంటించుకుని పట్టులోకి మోసుకెళ్లాయి. పంట కోసేశాక కూడా పిల్లపురుగులకు ఆ విషమే మేతగా అందింది. అయినా ఆ రోజుల్లో నష్టాన్ని చూపించడం పెంపకందారుకు కష్టం కాదు. పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పగా పడి ఉండేవి. ఊడ్చి, లెక్కపెట్టి, అధికారిని పిలిచి చూపించేవాడు. కాలిఫోర్నియాలో లారీ అట్కిన్స్ లాంటి శాస్త్రవేత్తలు తయారుచేసిన విషతీవ్రత పట్టికలు కూడా ఆ కుప్ప చుట్టూ పుట్టినవే. ఎంత మోతాదు తగిలితే సగం ఈగలు చస్తాయన్నదే వాటిలోని ప్రశ్న.

ఈసారి చచ్చిన ఈగలు దొరకని చోటికి వెళ్తున్నాం. అది 1994 వేసవి. ఫ్రాన్స్‌లో పడమటి, మధ్య ప్రాంతాలు.

అక్కడ తేనె పెంపకందారుడి ఏడాది పూల వెంట సాగుతుంది. మే నెలలో రొబీనియా చెట్ల తెల్లపూత, జూన్‌లో చెస్ట్‌నట్, జులైలో పొద్దుతిరుగుడు. చీకటిపడి ఈగలన్నీ గూటికి చేరాక పెట్టెల వాకిళ్లు మూసి, బెల్టులు బిగించి, వాహనమెక్కించి, తెల్లారేసరికి కొత్త పొలం గట్టున దించుతారు. పొలం ఒకరిది, పెట్టెలు ఇంకొకరివి. రైతుకు పూలు ఫలదీకరణం చెంది గింజ బాగా కడుతుంది, పెంపకందారుకు తేనె వస్తుంది. కాగితం మీద రాసుకోని ఒప్పందం అది. 1980ల్లో యూరప్ సబ్సిడీల అండతో పొద్దుతిరుగుడు ఆ జిల్లాల్ని కప్పేసింది. దాని తేనె పచ్చగా ఉంటుంది, తీసిన కొద్దికాలానికే పేరుకుంటుంది. ఖరీదైన తేనె కాకపోయినా దండిగా వచ్చేది కాబట్టి, ఇంటి ఖర్చు చాలామందికి దాని మీదే గడిచేది. జులై మూడు నాలుగు వారాల్లో ఎన్ని తేనె గదులు నిండితే ఆ ఏడాది అంత బాగున్నట్టు.

1994 జులైలో ఆ గదులు నిండలేదు. మూత తీసి చూస్తే కింద పిల్లల గది బాగానే ఉంది. రాణి గుడ్లు పెడుతోంది, లేత ఈగలు పిల్లలకు మేత పెడుతున్నాయి. పొలానికి వెళ్లే ముదురు ఈగలు మాత్రం పలచబడిపోయాయి. పొద్దున వాకిట్లోంచి ఎగిరిన ఈగ సాయంత్రానికి ఇల్లు చేరడం లేదు. పెట్టె ముందు కుప్పలు లేవు. పొలంలోకి వెళ్లి చూసిన వాళ్లకు వింత నడతలు కనిపించాయి. కొన్ని ఈగలు పువ్వు మీద అతుక్కుపోయి కదలడం లేదు. కొన్ని వణుకుతున్నాయి. కొన్ని మీసాలను, ఒంటిని మానకుండా తుడుచుకుంటున్నాయి. ఇంకొన్ని నేల మీద చిన్న చిన్న గుంపులుగా పడి ఉన్నాయి. మరుసటేడు, ఆ మరుసటేడు కూడా పొద్దుతిరుగుడు పూతలో అదే తంతు.

పెంపకందారులు మొదట తమ చేతులే చూసుకున్నారు. వారోవా నల్లికి మందు సరిగ్గా వేయలేదా? 1982లో ఫ్రాన్స్‌లోకి వచ్చిన ఆ నల్లి అప్పటికే వేలకొద్దీ పట్టుల్ని మట్టుపెట్టింది కాబట్టి ఆ అనుమానం సహజమే. వానలు కారణమా? కొత్త హైబ్రిడ్ రకాల్లో మకరందం తక్కువా? ఒకరినొకరు అడుగుతూ, పెట్టెలు ఎవరి పొలం పక్కన దించారో పోల్చుకుంటూ పోతే ఒక సంగతి బయటపడింది. ఆ ఏడాదే పొద్దుతిరుగుడు విత్తనానికి గౌచో అనే కొత్త మందు పట్టించడం మొదలైంది.

గౌచోలోని అసలు సరుకు ఇమిడాక్లోప్రిడ్. గుంటూరు, ఖమ్మం, ఆదిలాబాద్ పత్తి రైతులకు ఇది పాత చుట్టమే. పచ్చదోమకు, పేనుబంకకు కాన్ఫిడార్ పేరుతో మనవాళ్లు పిచికారీ చేసిన మందు ఇదే. దీని వంశం పొగాకు దగ్గర మొదలవుతుంది. పెరట్లో చిక్కుడుకు పేను పడితే పొగాకు కషాయం చల్లడం మన ఇళ్లలో తెలిసిన పనే. అందులోని నికోటిన్ పురుగు నాడుల మధ్య కబురు అందుకునే గ్రాహకాలకు అతుక్కుని వాటిని ఆగకుండా రెచ్చగొడుతుంది. పురుగు వణికి, చచ్చుబడి, చస్తుంది. అయితే నికోటిన్ పొలంలో ఎక్కువసేపు నిలవదు, కొట్టే మనిషికీ ప్రమాదమే. 1970ల్లో కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ శాస్త్రవేత్తలు అదే గ్రాహకం మీద పనిచేసే నిథియాజిన్‌ను తయారుచేశారు. అది ఎండకు విరిగిపోయింది. జపాన్‌లో బేయర్ అనుబంధ సంస్థలో పనిచేసే షింజో కగబు బృందం ఆ అణువును మార్చుతూ, పరీక్షిస్తూ 1985లో ఇమిడాక్లోప్రిడ్‌ను సాధించింది. అది మనిషి కంటే పురుగు గ్రాహకానికే గట్టిగా పట్టుకుంటుంది. 1991 నుంచి మార్కెట్లోకి దిగింది.

దీని గొప్పతనమంతా మొక్క లోపలికి పాకడంలో ఉంది. పొద్దుతిరుగుడు గింజకు 0.7 మిల్లీగ్రాముల మందు పట్టించి విత్తితే, మొలక నీటితోపాటు దాన్ని పీల్చుకుని కాండానికి, ఆకుకు పంచుతుంది. నేలలో వేరు కొరికే పురుగు, ఆకు రసం పీల్చే పేను రెండూ పోతాయి. రైతు ట్యాంకు భుజాన వేసుకుని పొలమంతా తిరగక్కర్లేదు, గాలికి మందు ఎగరదు, పిచికారీలు తగ్గుతాయి. ఆ రైతుల సంతోషాన్ని తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. పారాథియాన్ కాలాన్ని చూసినవాడికి విత్తనశుద్ధి నిజంగానే పెద్ద ఊరట. అయితే ఇందులో ఒక మార్పు ఎవరూ పెద్దగా చర్చించకుండానే జరిగిపోయింది. అంతకుముందు పురుగు కనిపిస్తే మందు కొట్టేవారు. ఇప్పుడు పురుగు వస్తుందో రాదో తెలియకముందే, విత్తనంతోపాటు మందు పొలానికి చేరుతోంది.

పెంపకందారులు, కంపెనీ ఎదురెదురుగా నిలబడ్డాక మొదటి తగాదా పువ్వు దగ్గరే వచ్చింది. ఏప్రిల్‌లో గింజకు పట్టించిన మందు జులైలో పువ్వు దాకా వస్తుందా? రాదని కంపెనీ చెప్పింది. మొక్క పెరిగేకొద్దీ మందు పలచబడిపోతుందని, పూత సమయానికి పుప్పొడిలో, మకరందంలో ఏమీ దొరకలేదని వాదించింది. నిజానికి దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు. అప్పటి పరీక్షా పద్ధతులు పీపీబీల్లో ఉండే సూక్ష్మ మోతాదులను సరిగ్గా పట్టుకోలేకపోయేవి. ఒక పీపీబీ అంటే వెయ్యి టన్నుల్లో ఒక గ్రాము. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు అంత తక్కువలో ఉన్నా తేనెటీగ నాడులకు అది లెక్కలోకి వచ్చే మోతాదే. ఒక ఈగను చంపడానికి కొన్ని నానోగ్రాముల నుంచి కొన్ని పదుల నానోగ్రాములు చాలు.

ఇక్కడ రంగంలోకి వచ్చినవాడు జాన్ మార్క్ బొన్మతాన్. ఓర్లియాన్ నగరంలో ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎన్‌ఆర్‌ఎస్‌లో పనిచేసే రసాయన శాస్త్రవేత్త. అణువుల ఆకృతుల మీద పనిచేసే ప్రయోగశాల అది. బొన్మతాన్ బృందం మట్టిని, ఆకును, పువ్వుతలను, పుప్పొడిని విడివిడిగా తీసుకుని, ఒక పీపీబీ దాకా కచ్చితంగా కొలవగలిగే పద్ధతిని మెల్లగా కట్టుకుంటూ వచ్చింది. మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర ఏళ్లతరబడి కూర్చుని చేసిన పని అది. చివరికి అంకెలు వచ్చాయి. పొద్దుతిరుగుడు పుప్పొడిలో సగటున సుమారు 3 పీపీబీ, మొక్కజొన్న పుప్పొడిలో సుమారు 2 పీపీబీ. పెరిగే మొక్కలో తగ్గుతూ వచ్చిన మందు పువ్వుతల కట్టే సమయానికి అక్కడ మళ్లీ చేరుతున్న జాడ కూడా కనిపించింది. 2001లో బేయర్ శాస్త్రవేత్తలే ప్రచురించిన వ్యాసంలో కూడా పొద్దుతిరుగుడు పుప్పొడికి, మకరందానికి దాదాపు అదే స్థాయి అంకెలు ఉన్నాయి. పువ్వులో మందు ఉందా లేదా అన్న తగాదా అక్కడితో తీరింది.

వెంటనే రెండోది మొదలైంది: ఉంటే ఉంది, ఆ కాస్తతో ఈగకు ఏమవుతుంది? 20 పీపీబీ దాకా పట్టుకు ఏ హానీ లేదన్నది కంపెనీ శాస్త్రవేత్తల మాట. అదే నిజమైతే పువ్వులో ఉన్న మూడు పీపీబీ గురించి గోల పెట్టనవసరం లేదు.

ఈ తగాదా ఎందుకు అంత ముదిరిందో తెలియాలంటే అప్పటి ప్రభుత్వ పరీక్ష ఎలా ఉండేదో చూడాలి. ఒక పంజరంలో కొన్ని ఈగలు. చక్కెర నీటిలో మందు. ఒకటి రెండు రోజులు ఆగి, చచ్చినవాటిని లెక్కపెట్టాలి. హెక్టారుకు చల్లే మోతాదును ఆ ప్రాణాంతక మోతాదుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అది 50 దాటితే తదుపరి పరీక్షలు, లోపల ఉంటే ప్రమాదం తక్కువ. చల్లే మందుల కోసం పుట్టిన లెక్క అది. గింజలో దాగి, నెలల తరువాత పువ్వులో చుక్క చుక్కగా తేలే మందుకు అది వర్తించదు. పైగా ఆ పంజరంలో ఈగకు ఇల్లు లేదు, దారి లేదు, వెతుక్కోవాల్సిన పొలం లేదు. బతికున్న ఈగ ఇల్లు మరిచిపోయిందో లేదో కనుక్కునే వీలు ఆ పరీక్షలోనే లేదు. పెంపకందారులు అంటున్నది మాత్రం ఆ సంగతే. నా దృష్టిలో ఆ పదేళ్ల రగడకు మూలం ఇక్కడ ఉంది. ఒక పక్షం చావును లెక్కపెడుతోంది, రెండో పక్షం దారి తప్పడం గురించి చెబుతోంది.

దారి వెతుక్కోవడం ఈగ మెదడుకు చిన్న పని కాదు. సూర్యుడి కోణం, చెట్ల వరుస, పూల వాసన అన్నిటినీ గుర్తుపెట్టుకుని కిలోమీటర్ల దూరం వెళ్లి అదే వాకిటికి తిరిగి రావాలి. ఆ జ్ఞాపకం నడిచేది ఇమిడాక్లోప్రిడ్ పట్టుకునే గ్రాహకాల మీదే. అందుకే పారిస్ దగ్గర బ్యూర్-స్యూర్-ఇవెత్‌లో, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇన్రా ప్రయోగశాలలో మిన్-హా ఫామ్-డెలేగ్, ఆక్సెల్ దకూర్తీ తదితరులు చావును వదిలి జ్ఞాపకాన్ని కొలవడానికి కూర్చున్నారు. పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఈగను సన్నని గొట్టంలో తల మాత్రం బయటికుండేలా నిలబెడతారు. మీసానికి చక్కెర నీరు తాకిస్తే అది నాలుక చాపుతుంది. ఒక వాసన చూపించి వెంటనే చక్కెర ఇస్తూ పోతే, కొన్నిసార్లకు వాసన ఒక్కటే తగిలినా నాలుక బయటికొస్తుంది. ఈగ పాఠం నేర్చుకున్నట్టు. కొద్ది రోజులు ఇమిడాక్లోప్రిడ్ కలిపిన చక్కెర నీరు తాగిన ఈగలు ఆ పాఠం సరిగ్గా నేర్చుకోలేకపోయాయి. చలికాలపు ఈగల్లో ఆ లోపం 48 పీపీబీ దగ్గర కనిపించింది. వేసవి ఈగల్లో 12 దగ్గరే కనిపించింది. పొద్దుతిరుగుడు పూసేది వేసవిలో. ఒకే జాతి, ఒకే మందు అయినా కాలాన్నిబట్టి ఈగ తట్టుకునే శక్తి మారుతుందని పాత పట్టికలు గీసినవాళ్లు ఊహించలేదు.

అయినా 12 ఎక్కడ, పువ్వులోని 3 ఎక్కడ? ఆ ఖాళీని కంపెనీ గట్టిగా పట్టుకుంది. అయితే మార్క్ ఎదువార్ కోలాన్ అనే పరిశోధకుడి బృందం వల కప్పిన సొరంగాల్లో మేత గిన్నెలు పెట్టి, వచ్చిపోయే ఈగల్ని వీడియో తీసి, 6 పీపీబీ దగ్గరే మేతకొచ్చి తినే ఈగలు తగ్గడం చూపించింది. ఆవిన్యాఁ ఇన్రాలో సెవెరిన్ సుషాయ్, ల్యూక్ బెల్జున్స్ ఇంకా లోతుకు వెళ్లారు. ఒక్కసారి ఎక్కువ మందు ఇవ్వకుండా, రోజూ అతి తక్కువ, లీటరుకు మైక్రోగ్రాములో పదో వంతు నుంచి, తాగిస్తూ పోయారు. సుమారు ఎనిమిది రోజుల్లో సగం ఈగలు చచ్చాయి. ఒక్కసారి ఇచ్చి చంపే మోతాదుతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు చిన్నది. 2001లో అచ్చయిన ఈ ఫలితం అన్నిటికంటే పెద్ద దుమారం రేపింది. బేయర్ వేర్వేరు ప్రయోగశాలల్లో మళ్లీ చేయించిన ప్రయోగాల్లో అంత చావు కనపడలేదు. ఈ ఒక్క ఫలితం విషయంలో ఆ రోజుల్లో ఎవరు నెగ్గారని చెప్పడం తొందరపాటు. కానీ అది తెరిచిన ప్రశ్న నిలిచింది. తేనెటీగ ఒక్కరోజు విందు తిని పోదు. అదే పొలంలో మూడు వారాలు, ఆపైన పట్టులో దాచిన పుప్పొడితో నెలల తరబడి అదే తింటుంది. ఆ తిండిని 48 గంటల్లో కొలవడం కుదరదు.

ప్రయోగశాల వదిలి పొలంలో తేల్చుకుందామన్నా చిక్కే. 1998లో వ్యవసాయ శాఖ వాందే, ద్యూ-సెవ్ర్, ఏంద్ర్ జిల్లాల్లో పెద్ద క్షేత్ర పరిశీలన నడిపించింది. మందు పట్టించిన పొలాల పక్కన కొన్ని పెట్టెలు, పట్టించని పొలాల పక్కన కొన్ని. మందు లేని పొలం పక్కన పెట్టిన ఈగలు అక్కడే మేస్తాయని ఎవరు పూచీ ఇస్తారు? అవి మూడు కిలోమీటర్లు సులువుగా దాటిపోతాయి. నేల సంగతి మరీ చిత్రం. బొన్మతాన్ బృందం తరువాత మట్టి నమూనాలు తెచ్చి చూస్తే పదింట తొమ్మిదిలో ఇమిడాక్లోప్రిడ్ ఉంది, ఆ ఏడాది మందు పట్టించిన విత్తనం వేసింది మాత్రం వాటిలో సుమారు 15 శాతం పొలాల్లోనే. నిరుడు గోధుమకు పట్టించిన మందు ఈ ఏడాది పొద్దుతిరుగుడు వేరుకు అందుతోంది. మందు తగలని పొలం దొరకడమే గగనమైతే దేన్ని దేనితో పోల్చాలి? పరిశీలన ఫలితాలను ఎవరికి వారు తమవైపు చదువుకున్నారు.

అప్పటికి పెంపకందారులు వీధికెక్కారు. వ్యవసాయ మంత్రి జాన్ గ్లావనీ 1999 జనవరిలో పొద్దుతిరుగుడు విత్తనానికి గౌచో వాడకాన్ని నిలిపివేశాడు. హాని రుజువైందని ఆయన అనలేదు. హాని జరిగే అవకాశం తీవ్రంగా ఉన్నప్పుడు పూర్తి రుజువు కోసం ఆగకూడదన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని పట్టుకున్నాడు. విత్తన కంపెనీలు కోర్టుకెళ్లాయి. ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం కన్సే దెతా 1999 డిసెంబర్ 29న మంత్రి నిర్ణయం సరైనదేనంది. తేనెటీగ కోసం ఒక దేశం అంతగా అమ్ముడయ్యే విత్తనశుద్ధి మందును ఆపడం చిన్న విషయం కాదు.

అయితే మందు ఆగిన మరుసటి వేసవికే పెట్టెలు తేనెతో నిండిపోలేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి, ఎందుకంటే రెండు పక్షాల పట్టుదలా ఇక్కడే ముదిరింది. చూశారా, మందు కారణం కాదని కంపెనీ అంది. వారోవా, వైరస్‌లు, పెంపకంలో లోపాలను చూడండని ఆహార భద్రతా సంస్థ ఆఫ్సాలోని పశువైద్యులు కొందరు సూచించారు. ఆ మాటలో పస ఉంది, ఎందుకంటే నల్లి పట్టిన పట్టుకు ఏ దెబ్బైనా రెట్టింపే. పెంపకందారుల జవాబు వేరు. పొద్దుతిరుగుడులో ఆపారు సరే, మొక్కజొన్నలో గౌచో వేస్తూనే ఉన్నారు, దాని పుప్పొడి ఈగలు మోస్తూనే ఉన్నాయి, నేలలో పాత మందు మిగిలే ఉంది. ఇంకా ఫిప్రోనిల్ అనే మరో మందు, మన రైతులు రీజెంట్ అని పిలిచేదే, పొద్దుతిరుగుడు విత్తనానికి ఎక్కేసింది. ఒక మందును ఆపితే దాని ఖాళీలోకి ఇంకొకటి వచ్చి కూర్చుంది.

2001లో ప్రభుత్వం ఒక శాస్త్ర సాంకేతిక సంఘాన్ని నియమించింది. పెంపకందారులు చెప్పిన లక్షణాలు, కంపెనీ దస్త్రాలు, ప్రభుత్వ ప్రయోగశాలల పత్రాలు అన్నిటినీ ఒకే బల్ల మీద పరిచి, ఏ అధ్యయనం నమ్మదగ్గ పద్ధతిలో జరిగిందో ముందు తేల్చి, తరువాత ఒక లెక్క వేసింది. ఈగ ఎంత తింటోంది, ఏ మోతాదు నుంచి దానికి ఇబ్బంది మొదలవుతోంది అని పక్కపక్కన పెట్టింది. మేత తెచ్చే ఈగలకు, పుప్పొడి తినే లేత ఈగలకు, పిల్లపురుగులకు వేరువేరుగా లెక్కకట్టింది. 2003 నివేదిక ప్రకారం పొద్దుతిరుగుడులో ప్రమాదం ఆందోళనకరంగా ఉంది, పెంపకందారులు తొమ్మిదేళ్లుగా చెబుతున్న లక్షణాలతో అది సరిపోతోంది. మొక్కజొన్న పుప్పొడి విషయంలోనూ ఆందోళన పడాల్సిందేనంది. పొలం గట్టున నిలబడి ఈగల నడత చూసిన మనుషుల మాటను పనికిరాని కబుర్లుగా కాక సాక్ష్యంగా స్వీకరించిన మొదటి అధికారిక పత్రాల్లో అది ఒకటి.

తరువాత మార్పులు త్వరగా జరిగాయి. మొక్కజొన్నలో గౌచో అనుమతిని రద్దుచేయాలన్న పెంపకందారుల అభ్యర్థనను మంత్రిత్వ శాఖ తోసిపుచ్చితే, కన్సే దెతా నివేదికకు ముందే 2002లో ఒకసారి, మళ్లీ 2004 మార్చిలో ఆ తిరస్కారాన్ని కొట్టేసింది. 2004 ఫిబ్రవరిలో ఫిప్రోనిల్ విత్తనశుద్ధి ఆగింది. మేలో వ్యవసాయ మంత్రి ఎర్వే గేమార్ మొక్కజొన్నకూ గౌచోను ఆపాడు. పొద్దుతిరుగుడులో ఈగలు మాయమవడం చూసినప్పటి నుంచి అప్పటికి పదేళ్లు నిండాయి. ఈ పదేళ్లలో పట్టులు అమ్ముకుని వేరే పని చూసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

ఫ్రాన్స్‌లో ఆపిన ఆ మందు అప్పట్లో సరిహద్దు దాటితే నిక్షేపంగా అమ్ముడవుతూనే ఉండేది. దాని తమ్ముళ్లు, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్, అప్పటికే రంగంలోకి దిగారు. 2008 వసంతంలో రైన్ నది పక్క, జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్‌లో మొక్కజొన్న విత్తే యంత్రాలు కదిలాయి. గింజకు సరిగ్గా అంటని క్లోథియానిడిన్ పొడి గాలిలోకి లేచి పక్క తోటల పూల మీద పడింది. ఈసారి పెట్టెల ముందు కుప్పలు మళ్లీ కనిపించాయి. సుమారు 11,500 పట్టులు దెబ్బతిన్నాయి. అదే సమయంలో ఆవిన్యాఁలో కొందరు యువ శాస్త్రవేత్తలు ఈగ వీపు మీద అతికించగలిగేంత చిన్న రేడియో చిప్పుల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఇంటికి రాని ఈగలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలన్నది వాళ్ల పంతం. రైన్ లోయలో రేగిన దుమ్ము, వీపున చిప్పు మోసిన 653 ఈగల ప్రయాణం వచ్చే భాగంలో.